మేడ మెట్ల గూట్లో రౌటర్

నవంబర్ 8, శుక్రవారం

సంత రోజే చావాలా ఇది. మా పాఠాల సైటు బడి.హోమ్ తెరుచుకోవట్లేదని పిల్లల గోల. తల్లులు అరకు సంతలో పసుపు, రాజ్‌మా అమ్ముకుంటుంటే వీళ్లు మా అరుగు మీద కూర్చుని మా ఆవిడ జీవిత రికార్డు చేసిన లెక్కల పాఠాలు ఫోన్లలోకి దింపుకుపోతారు. పైన వాళ్ల ఊళ్లలో సిగ్నల్ ఉండదు. ఇవాళ పోతే మళ్లీ వచ్చే సంతకే.

సర్వర్ నాది. వంటింటి పక్కన పాత డెస్క్‌టాప్, లినక్స్ ఎక్కించి నేనే నిలబెట్టాను. నా లాప్‌టాప్‌లో బడి శుభ్రంగా వస్తోంది. ఫోన్లదే తప్పని చెప్పేశాను.

నా పెళ్లాం మేడ మీద అద్దెకున్న ఫణీంద్రని పిలిచింది.

అదే రోజు, సాయంత్రం

అతను బడి.హోమ్ అనే పేరుకి బదులు నా సర్వర్ ఐపీ నంబరు కొట్టాడు, తెరుచుకుంది. అతను చేసింది అంతే. జీవిత మొహం చూడాలి. ఆ నంబరు సుద్దముక్కతో గోడ మీద రాయించింది కూడా. నేను పెట్టిన పేరుకి దిక్కు లేదు. నాకు కుళ్లుగా ఉంది. నా డైరీయే కదా, కుళ్లే అని రాసుకుంటాను.

నవంబర్ 10

చర్చి నుంచి వస్తూ జీవితని అడిగేశాను, ప్రతిదానికీ అతనెందుకని. తమ్ముడిలాంటోడు, పిలిస్తే బేగి వస్తాడు, మీరు ముందు తప్పెవరిదో తేల్చి అప్పుడు లేస్తారు అంది.

తమ్ముడట. ఆ తమ్ముడికి కాఫీలో బెల్లం ఎంతో ఈవిడకి కొలత తెలుసు.

నవంబర్ 12

సిగ్గుచేటు. నా లాప్‌టాప్ హోస్ట్స్ ఫైల్లో బడి పేరు, నంబరు ఎప్పుడో నేనే రాసిపెట్టుకున్నాను. అందుకే నాకొక్కడికే వస్తోంది. ఆ లైను తీసేశాను. నాకూ రాలేదు. జీవితకి చెప్పలేదు.

నవంబర్ 14

దొరికింది. మేడ మెట్ల గూట్లో ఫణీంద్ర కొత్త రౌటర్. మా ఇంటర్నెట్ లైను వైరు తెచ్చి దాని లాన్ పోర్టులో గుచ్చాడు. ఇంట్లో ఏ పేరు ఎక్కడుందో ఫోన్లకి చెప్పాల్సింది నా సర్వర్. ఈ రౌటర్ మధ్యలో దూరి, పేర్లు నన్నడగండి అని ఫోన్లని తనవైపు లాక్కుంటోంది. దానికేమో బడి ఎవరో తెలీదు. యజమాని బుద్ధే వచ్చింది దానికి.

జీవిత చేత టార్చి పట్టించి మొత్తం వివరించాను. పైకి వినపడేలా గట్టిగానే. వైరు తీసి, బయటి లైను కోసం పక్కనే ఉన్న వాన్ పోర్టులోకి మార్చాను, బడి వచ్చేసింది. ఫణీంద్ర దిగొచ్చి సారీ అన్నయ్యా అన్నాడు. మంచోడు, అదే నా ఖర్మ. తప్పు పట్టుకున్నానని జీవిత మెచ్చుకుంటుందనుకున్నాను. పాపం, తెలీక పెట్టాడు కదా అంది. వాడికి పాపం.

నవంబర్ 15, శుక్రవారం

అన్ని ఫోన్లలోనూ బడి తెరుచుకుంది. నన్నెవరూ పిలవలేదు.

నవంబర్ 22, శుక్రవారం

పొద్దున్నే వైరు మళ్లీ లాన్ పోర్టులో పెట్టేశాను. ఎవర్ని పిలుస్తుందో చూద్దామని.

బడి రావట్లేదని పిల్లలు గోల పెట్టినా ఎవర్నీ పిలవలేదు. తనే మెట్లెక్కి వైరు వాన్ పోర్టులోకి మార్చింది. పిల్లల్ని వైఫై ఆపి మళ్లీ పెట్టుకోమంది. నన్నొకసారి చూసి వాళ్ల మధ్య కూర్చుంది. ఏమీ అడగలేదు.

అడిగినా బావుండేది.