పడుకుని లేచిన గొడ్డు

బావగారికి,

ఇక్కడ క్షేమమని రాయలేను. మీ క్షేమం అడగబుద్ధి కావడం లేదు.

గాలికుంటు తగ్గి మీ ఎద్దు లేచినప్పుడు నేనక్కడే ఉన్నాను. కొన్నాళ్లు దాన్ని ఒట్టి మెడతో డొంక దాకా నడిపించారు. తర్వాత ఖాళీ బండి కట్టారు. నేను బస్తా ఎత్తబోతే, “ఒరేయ్, పడుకుని లేచిన గొడ్డురా! ఒక్కసారే బరువేస్తే కూలబడుద్ది” అని నా మీద అరిచారు.

మా అక్క టైఫాయిడ్ తగ్గి మంచం దిగిన మర్నాడే మిరపకోతకు తోలారు. చేలోనే కూలబడింది. ఇప్పుడు మా పెరట్లో గోడ పట్టుకుని నడుస్తోంది. ఖాళీ బిందె కూడా ఇంకా చేతికివ్వలేదు.

కోతలు మిగిలాయి, ఎప్పుడు పంపుతావని రాశారు. నన్నెందుకు అడగడం? మీ ఎద్దును అడగండి.

చుట్టరికం తప్పదు గనుక,
మీ బావమరిది