నా చావు కబురు ఎవరూ దాచకూడదని

ఈ వీలునామా రాయిస్తున్నది నేను: కర్టెన్లు కుట్టే షాపు యజమానురాలిని, అరవై నాలుగేళ్ళ మనిషిని, భర్త పోయినదాన్ని, ఒక కొడుకు తల్లిని. నా బుద్ధి నా దగ్గరే ఉంది. కళ్ళు కనిపిస్తున్నాయి, చెవులు వినకూడనివి కూడా వింటున్నాయి. చెడింది గుండెలో ఒక కవాటం మాత్రమే. దాన్ని వచ్చే బుధవారం మారుస్తారట. ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరి మొహమాటానికీ లొంగకుండా, నా స్వార్జితం గురించీ నా చావు గురించీ నా ఇష్టం ఇందులో చెబుతున్నాను. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాశానని నా చెల్లెలు ఏదైనా కాగితం చూపిస్తే నమ్మవద్దు.

లాయరుగారి దగ్గరుండే ప్రతిలో అందరి అసలు పేర్లూ చిరునామాలూ ఉన్నాయి. ఇది మావాళ్ళు చదువుకునే ప్రతి కాబట్టి, మేము పిలుచుకునే పిలుపులే రాయించాను.

1. నేనుంటున్న రెండు గదుల ఫ్లాటు, అందులోని బీరువా, మంచాలు, వంటసామాను సహా, నా తదనంతరం నా కొడుక్కి సర్వహక్కులతో చెందాలి. టీవీ తప్ప. టీవీ నా కోడలిది. నేను కొరియా సీరియల్ పెట్టుకున్నప్పుడల్లా నా కొడుకు, చెయ్యి పట్టుకోవడానికి ఎనిమిది ఎపిసోడ్లా, ఈలోగా మనం ముసలాళ్ళమైపోతాం అని ఎకసెక్కాలాడేవాడు. అదే సమయంలో నా కోడలు వంటింటి గుమ్మంలో తడి చేతులతో నిలబడి, లోపల కూర మాడుతున్నా కదలకుండా చూసేది. నాయనా, నీ పెళ్ళాం చూసింది ఆ ఎనిమిది ఎపిసోడ్ల కోసమే. వానలో నడుస్తూ ఆ అబ్బాయి గొడుగు ఆ పిల్ల వైపు వంచి తన భుజం తడుపుకుంటాడు చూడు, దానికోసం. గొడుగు వంచడానికి పైసా ఖర్చు కాదు. ఇది ఆస్తికి పెట్టిన షరతు కాదు, సలహా. పాటించకపోతే నీ ఖర్మ.

2. కింది అంతస్తులోని షాపు, మూడు కుట్టుమిషన్లు, పొడుగు బల్ల, మిగిలిన గుడ్డ తానులు అన్నీ, మొదటినుంచీ నా దగ్గర గుడ్డ కత్తిరిస్తున్న కత్తెరమ్మకి చెందాలి. నా కొడుక్కి ఇందులో వాటా లేదు. వాడికి సూదిలో దారం ఎక్కించడం రాదు. కత్తెరమ్మకి సీరియళ్ళు గిట్టవు. మధ్యాహ్నాలు నేను ఫోను దారపు ఉండల డబ్బాకి ఆనించి చూస్తుంటే వీపు తిప్పి పని చేసుకునేది. కాని ఏడుపు సీను వచ్చినప్పుడు కత్తెర చప్పుడు ఆగేది. అడిగితే, గుడ్డ మడతపడింది అనేది. ఇన్నేళ్ళలో ఎన్ని గుడ్డలు మడతపడ్డాయో నాకు తెలుసు. షాపు పేరు మార్చుకోవాలంటే మార్చుకోవచ్చు.

3. ఈ వీలునామాను అమలుపరిచే బాధ్యత మా గ్రూపులోని సెకండ్ హీరోకి అప్పగిస్తున్నాను. తెలియనివాళ్ళ కోసం: కొరియా, చైనా, జపాను సీరియళ్ళు చూసి మాట్లాడుకోవడానికి మా చుట్టుపక్కల వీధుల వాళ్ళం ఎనిమిదిమందిమి ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం. పెద్ద పెత్తనం నా చెల్లెలిది. జరగబోయే కథ ఎవరూ ముందే చెప్పకూడదన్నది తను పెట్టిన మొదటి నిబంధన. సెకండ్ హీరో లిఫ్టులు బాగుచేసే మనిషి, గ్రూపులో ఏకైక మగవాడు. ఏ సీరియల్ చూసినా, మంచివాడై ఉండి కూడా హీరోయిన్ దక్కని ఆ రెండో అబ్బాయి పక్షమే. అందుకే ఆ పేరు. తోబుట్టువునీ కన్నకొడుకునీ కాదని ఒక లిఫ్టు మెకానిక్కుని ఎందుకు పెట్టానంటారా, కింద చదవండి.

4. ఇది ఆస్తి కాదు. అయినా ఇది రాయకపోతే మిగతావేవీ అర్థం కావు.

మా అందరికీ ఇష్టమైన నటుడు ఒకడుండేవాడు. గుండ్రటి కళ్ళజోడు పెట్టుకుని, ప్రేమ సీన్లలో మాటలకన్నా చేతులతో ఎక్కువ చెప్పేవాడు. నా చెల్లెలి కూతురికి అతనంటే మరీ ఇష్టం. ఈ పిల్లని గ్రూపులో సగం ఎపిసోడ్ అంటాం. సీరియల్ అయిపోతుందంటే దిగులని, చివరి రెండు భాగాలు చూడకుండా వదిలేస్తుంది. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగించే పని దానిది. అంతకు ముందు దానికి మనసు బాగా చెడి, చాలాకాలం మందులు వాడి, కోలుకుని ఆ పనిలో చేరింది. వార్తల జోలికి పోవద్దని డాక్టరు అంటే, ఫోనులో మా గ్రూపు ఒక్కటే ఉంచుకుని మిగతావి తీసేసింది. నేనంటారా, వార్తలు ఏనాడూ చూడలేదు.

కిందటి ఏడాది వానల్లో ఆ నటుడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ దేశంలో అలా ఒకరి తర్వాత ఒకరు పోవడం మేము విన్నదే, అప్పుడల్లా గ్రూపులో మాట్లాడుకున్నదే. ఈసారి మాత్రం నా చెల్లెలు, పిల్లకి ఒక్క ముక్క తెలియకూడదని అందరికీ ఆజ్ఞ వేసింది. నాకూ చెప్పవద్దంది. మా అక్క నోట్లో నువ్వుగింజ నానదు, పిల్ల దగ్గర కక్కేస్తుంది అందట. మమ్మల్నిద్దర్నీ వదిలేసి వేరే గ్రూపు పెట్టుకుని, అక్కడ ఏడ్చి, కళ్ళు తుడుచుకుని ఇక్కడికొచ్చి మామూలుగా మాట్లాడారు.

ఈలోగా అతని పుట్టినరోజు వచ్చింది. నిండు నూరేళ్ళు చల్లగా ఉండు నాయనా అని నేను రాశాను. పిల్ల కేకు బొమ్మ పెట్టింది. దాని కింద ఐదుగురు హృదయం బొమ్మలు పెట్టారు, మొదటిది నా చెల్లెలిదే. పెట్టనివాడు సెకండ్ హీరో ఒక్కడు. అతను నాకు ఫోను చేసి, మీ షాపు బిల్డింగులో లిఫ్టు సరిగ్గా పనిచేస్తోందా అని అడిగి, సరే ఉంటానని పెట్టేశాడు. మా బిల్డింగుకి లిఫ్టు లేదు. చెప్పలేకపోయాడు, కాని అబద్ధానికి హృదయం బొమ్మ పెట్టలేకపోయాడు. నాకు ఆ మాత్రం మనిషి చాలు.

ఆ వారంలోనే కళ్ళజోళ్ళ షాపుకి ఎవరో వచ్చి, పాపం పోయాడే, ఆ హీరో పెట్టుకునేలాంటి గుండ్రటి ఫ్రేము కావాలన్నారు. పిల్ల అద్దాలు అరగదీసి, ఫ్రేముకి బిగించి, తుడిచి, డబ్బాలో పెట్టి చేతికిచ్చి, అక్కడినుంచి నడుచుకుంటూ నా దగ్గరికొచ్చింది. బల్ల దగ్గర నిలబడి, నీకు తెలుసా పెద్దమ్మా అని అడిగింది. నాకు తెలిసింది ఆ ప్రశ్నతోనే. నా మొహం చూసి ఆ సంగతి దానికి అర్థమైంది. అప్పుడు అన్న మాట ఇది, ఒక్క అక్షరం మార్చకుండా రాయిస్తున్నాను:

“అతను పోయాడని ఏడుపొస్తోంది, అది వేరే సంగతి పెద్దమ్మా. నాకు చెప్పలేదంటే, నేనూ అలాగే పోతానని అందరూ ముందే అనేసుకున్నారన్నమాట. అమ్మ కూడా. నా గురించి వాళ్ళందరికీ తెలిసింది నాకే తెలియలేదేమో అనుకుంటూ వచ్చాను దారంతా.”

కత్తెరమ్మ వెళ్ళి షాపు తలుపు వేసింది. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేను పిల్లని తిన్నగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని నా చెల్లెలి వాదన. నేను పుట్టించలేదు. అది అప్పటికే వచ్చి కూర్చుంది. పిల్ల అవునంది, అని నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. ఆ సాయంత్రమే ముగ్గురం దాని డాక్టరు దగ్గరికి వెళ్ళాం. కత్తెరమ్మ మెడలో కొలత టేపు తీయడం కూడా మర్చిపోయింది. పిల్ల మళ్ళీ మందులు మొదలుపెట్టి, మెల్లగా తేరుకుని, ఇప్పుడు రోజూ పనికి పోతోంది. నాకు అప్పటినుంచి దడ తగ్గలేదు. ఈ గుండె చెడిందంటే చెడదా మరి.

5. నా బంగారు గొలుసూ, మా అమ్మ చేతి గడియారమూ నా చెల్లెలికి చెందాలి. గడియారం కోసం అది చిన్నప్పటినుంచీ ఏడుస్తోంది. ఇప్పుడు ఇస్తున్నాను, సంతోషించమనండి.

నా నోట్లో నువ్వుగింజ నానదన్నావు. నిజమే. కాని అది నువ్వుగింజ కాదే, మనిషి చావు. పిల్లని కడుపులో పెట్టుకుని కాపాడుకోవడం వేరు, దాని కళ్ళకి గంతలు కట్టడం వేరు. ఆ చెడ్డ రోజుల్లో నువ్వు కూతురి గది గుమ్మం దగ్గర నేలమీద కూర్చుని దాని ఊపిరి వింటూ గడిపావని నాకు తెలుసు. అది తలుచుకుంటే నీమీద ప్రేమ పొంగుతుంది. ఆ హృదయం బొమ్మ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. రెండూ ఉన్నాయి, రెండూ నీకే. నా ఆపరేషను మోకాలికి అని నువ్వు పిల్లకి చెప్పావని నిన్ననే తెలిసింది. నీ బుద్ధి మారలేదు. ఈ వీలునామా ఆదరాబాదరాగా ఈ రోజే రాయించడానికి కారణం అదే.

6. దాపరికం బయటపడ్డాక గ్రూపులో చాలా రోజులు అదే చర్చ. స్టార్లని ప్రేమించుకోనివ్వరట, ఎవరితోనైనా కనిపిస్తే అభిమానులే తిట్టిపోస్తారట, అదే కారణమని మందుల షాపు ఆవిడ తేల్చింది. అంత పేరూ డబ్బూ పెట్టుకుని ఇదేం పిరికితనమని స్కూలు బస్సు నడిపే ఆవిడ విసుక్కుంది. కొత్తగా పెళ్ళయిన అమ్మాయి ఒకతె, ప్రేమ కోసమే ప్రాణం వదిలాడని తీర్మానించి, అతని వాన సీన్లన్నీ పేర్చి, పాట పెట్టి, స్లో మోషన్లో నెమ్మదిగా నడిపించి ఒక వీడియో చేసింది. నేను మధ్యలోనే ఆపేశాను. ఎందుకు పోయాడో మాలో ఒక్కరికీ తెలియదు. పదహారు ఎపిసోడ్లు చూసినంత మాత్రాన మనిషి తెలిసిపోడు. చావుని అందమైన ఆఖరి భాగం చేసి చూపించడం, కళ్ళు తడుపుకుని చూడటం నాకు తప్పుగా తోచింది. అదే గ్రూపులో మా పిల్ల ఉంది, అది కూడా చూస్తుంది కదా.

నా మటుకు నాకు ఒకటి అర్థమైంది. సీరియల్లో ఆ పిల్ల బాధలో ఉంటే అబ్బాయికి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది, ఊరు ఆ చివరనుంచి పరిగెత్తుకొస్తాడు. అవి చూసి చూసి, ప్రేముంటే చాలు అడగకుండానే తెలుస్తుందని మేమంతా నమ్మాం. తెలియదు. అడగాలి. అడిగి, వినలేని జవాబు వచ్చినా అక్కడే కూర్చోవాలి. సీరియళ్ళు మానమని చెప్పడం లేదు. ఆసుపత్రికి నేనే ఒక కొత్తది ఫోనులో దాచుకుని తీసుకెళ్తున్నాను.

కాబట్టి, నేను పోతే నా ఫొటోలకి పాట కట్టి ఎవరూ వీడియో చేయకూడదు. నన్ను నెమ్మదిగా నడిపించకూడదు. నేను పుట్టి బుద్ధెరిగాక నెమ్మదిగా నడిచింది లేదు.

7. షాపు మీది గది, విడిగా మెట్లున్నది, కిటికీకి నేనే కుట్టిన పసుపు కర్టెనుతో సహా, నా చెల్లెలి కూతురికి దాన విక్రయాది సర్వహక్కులతో చెందాలి. తల్లితో పడనప్పుడు వచ్చి ఉండటానికి. ఆ కర్టెను పొద్దుటి ఎండని ఆపదు, కావాలనే పల్చటి గుడ్డ వేశాను. బతికి ఉండాలనే షరతు మీద ఇస్తున్నట్టు రాయండి అన్నాను. లాయరుగారు కలం ఆపి, అలాంటి షరతు చెల్లదమ్మా, ఎలాగూ వారసులు బతికి ఉంటేనే దఖలు పడుతుంది అన్నారు. ఎలాగూ అనే మాట నాకు నచ్చలేదు. అయినా షరతు తీయించేశాను.

8. ఈ క్లాజు మొదట ఇలా రాయించాను. నేను పోతే సెకండ్ హీరో వెంటనే నా చెల్లెలి కూతురి దగ్గరికి స్వయంగా వెళ్ళాలి. పెద్దమ్మకి ఒంట్లో బాగాలేదు, ఒకసారి రా అని నాంచకూడదు. చనిపోయింది అనే మాటే వాడాలి. చెప్పి పారిపోకూడదు. ఇదంతా రాయించి, చదివించుకుని విన్నాక లాయరుగారిని ఆగమన్నాను. దాని వీపు వెనక కూర్చుని దాని గురించి నేనూ ఏర్పాట్లు చేస్తున్నాను. నాకూ నా చెల్లెలికీ తేడా ఏముంది?

అందుకని లాయరుగారి ఆఫీసునుంచే పిల్లకి ఫోను చేసి రమ్మన్నాను. భోజనాల వేళ వచ్చింది, చేతులకి అద్దాల పొడి అంటుకునే ఉంది. ఈ కాగితాలన్నీ నిలబడే చదివింది. మోకాలి మాట దగ్గర కోపం తెచ్చుకుంది. తన మాటలు రాయించినచోట ఆగి, ఉండనీ అంది. ఆపరేషను గురించి అడిగితే డాక్టరు నాకు చెప్పినదంతా ఏమీ తగ్గించకుండా చెప్పాను. భయంగా ఉందా పెద్దమ్మా అంది. ఉందన్నాను. ఇద్దరం కాసేపు ఏడ్చాం, లాయరుగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. తర్వాత పిల్ల ఈ క్లాజు మీద వేలు పెట్టింది:

“నాకెవరు చెప్తారన్నది సరే. అమ్మకెవరు చెప్తారు? అమ్మ తట్టుకోలేదు పెద్దమ్మా. ఆ పని నాకు రాయి.”

కనుక పై ఏర్పాటును సవరిస్తూ, నా మరణవార్త అందరికన్నా ముందు నా చెల్లెలి కూతురికే చేరాలనీ, దాన్ని నా చెల్లెలికి చెప్పే పని ఆమెదేననీ ఇందుమూలంగా నిర్ణయిస్తున్నాను. ఎలా చెప్పాలో నేను రాయను, దానికి తెలుసు. చెప్పాక తల్లి దగ్గర కూర్చోవలసిందీ అదే. ఈ పనిని ఇంకొకరికి బదిలీ చేయడానికి గాని, మధ్యలో వదులుకోవడానికి గాని వీల్లేదు. ఆ రోజు వచ్చే బుధవారమే కావచ్చు, ఇంకో ఇరవై ఏళ్ళకి కావచ్చు. ఎప్పుడైనా ఆ రోజుకి ఆమె ఉండి తీరాలి. ఇది చట్టప్రకారం చెల్లుతుందా అని లాయరుగారిని అడగలేదు. పిల్లని అడిగాను. ఉంటానంది.

తేదీ: 2025 మార్చి 14, శుక్రవారం

సంతకం: కర్టెన్లమ్మ

సాక్షులు:
1. లాయరుగారి గుమస్తా
2. లాయరుగారి ఆఫీసు కింద జిరాక్సు షాపు ఆయన