ఉలవల మీద డ్రైవింగ్ టెస్టు

మంగళవారం, కదిరి

పాసయ్యాను! బెంగళూరులో తీసుకున్న లైసెన్సు గడువు దాటి ఏడాది పైనే అయింది కదా, ఇక్కడ స్కూల్లో టీచరుగా చేరాక మళ్లీ మొదటి నుంచీ టెస్టు పెట్టారు.

పక్క సీట్లో ఇన్‌స్పెక్టర్. ఊరు దాటగానే రోడ్డంతా పీకిన ఉలవ చెట్లు పరిచి ఉన్నాయి. బండ్లు తొక్కితే గింజలు రాలతాయని ఇక్కడ అందరికీ తెలుసట, నాకు తప్ప. పాపం ఎవరి పంటో అని కారును మట్టిలోకి దింపి, పక్క నుంచి జాగ్రత్తగా పోనిచ్చాను. ఇన్‌స్పెక్టర్ మెచ్చుకుంటాడనే అనుకున్నాను.

చేట పట్టుకున్న ఒక అవ్వ కారుకు అడ్డం వచ్చింది. "ఏమ్మా, అందరూ తొక్కుకుంటా పోతాండారు, నీకేమైంది? మా ఉలవలంటే అంత చులకనా?"

ఫెయిలే అనుకున్నాను. ఇన్‌స్పెక్టర్ మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఆయమ్మ చెప్పినట్టు చెయ్యి మా. ముందుకొకసారి తొక్కు, అట్లే రివర్సులో రా. నేనూ చూసినట్టుంటాది."

అవ్వ నాలుగుసార్లు తిప్పించింది. అంత నేరుగా రివర్సు నా జన్మలో చేయలేదు. ఆఖరికి కిటికీలోకి వంగి, "రేపు కందులు పరుస్తా, ఇట్లే రా పాపా" అంది.

కొత్త కార్డు మీద బెంగళూరు అడ్రసు ఉండదు. సాయంత్రం నుంచి అదొక్కటే కొంచెం గుబులు. ఆ మాట అమ్మకు ఇంకా చెప్పలేదు...

రేపు స్కూలుకు బైపాసులో వెళ్తే పది నిమిషాలు కలిసొస్తాయి. కానీ అవ్వ కందులు పరుస్తానంది. కాస్త ముందే బయలుదేరాలి.