కవరులో సలామీ ముక్క

శాంతా రుఫీనా,
2001 సెప్టెంబరు చివర, సోమవారం.

మరదలు నెలిదాకు బావ ఎవారిస్తో ఆశీర్వదించి వ్రాయునది ఏమనగా—

ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమం. నీ క్షేమం అడగనక్కర్లేదు. వీధికి ఆవలి కిటికీలో కూర్చుని చేదు మాతే టీ పీలుస్తూ మా ఇంటి మీద నిప్పులు కక్కడం కనిపిస్తూనే ఉంది. మాట్లాడుకోకూడదని ఒట్టేసుకున్నాం గనక ఉత్తరమే గతి. మోసే ఖర్మ మీ అక్కది.

పొద్దున రొట్టెల కొట్టు గోడకి అంటించిన ప్రకటనను నీ పార్టీవాళ్ళు చింపేలోగా నీకో నకలు:

"శాంతా రుఫీనా పురప్రజలకు, చుట్టుపక్కల గోధుమ చేల వారికి, వీధి కుక్కలకు ఇందుమూలముగా తెలియజేయడమేమనగా— నేటి నుండి ఈ ఊరిలో పందిమాంసపు సలామీని కాగితమంత పల్చగా మాత్రమే కోయవలెను. మందపు ముక్క వోటు కవరులో పట్టదు. పట్టినను కవరు అంటుకొనదు. మిరియాలు ఉండవచ్చును. ఉల్లిపాయ నిషిద్ధము. ఉల్లంఘించిన కసాయి ప్రజాస్వామ్య ద్రోహిగా పరిగణింపబడును. ఇట్లు, మనసు విరిగిన వోటర్ల సలామీ సంఘం."

అర్థమైందిగా? ఈసారి వోటు వేసే చీకటి గదిలోకి వెళ్ళి, బల్ల మీద పేర్చిన పార్టీల చీటీల్లో ఒక్కటీ ముట్టుకోం. కవరులో సలామీ ముక్క పెట్టి, నాలుకతో తడిపి అంటించి, పెట్టెలో పడేసి వస్తాం. లెక్కపెట్టేవాళ్ళు సాయంత్రానికి ఆకలితో ఉంటారు పాపం.

సైనిక పాలన పోయి వోటు హక్కు తిరిగొచ్చిన రోజు నుంచీ నీ కూటమికే వేశాం. గోడకి సున్నం కొట్టింది మేము, దాని మీద కూటమి పేరు రాసిందీ మేమే. రైలు వర్క్‌షాపు మూసే కాగితం మీద సంతకం మాత్రం కూటమిది. పేదల పక్షం పేదల్ని ఇంకాస్త పెంచింది, అంతే.

ఇట్లు,
బావ ఎవారిస్తో
(ఒకప్పుడు ఫిట్టరు, ఇప్పుడు సోడాలు పంచే మోటారు బండి)

తా.క.: మీ అభ్యర్థి ఫెర్రూకో పక్కన నువ్వు నవ్వుతున్న కరపత్రం అందింది. సోడా సీసాల కింద తడి బాగా పీలుస్తోంది. నవ్వడం ఎప్పుడు నేర్చావు?


శాంతా రుఫీనా,
బుధవారం.

బావగారికి నెలిదా నమస్కారాలు.

మీ ఉత్తరం అక్క తలుపు కింద నుంచి తోసింది. తోస్తూ, "దీనికి జవాబు రాశావంటే నువ్వూ వాడంత పిచ్చిదానివే" అంది. రాస్తున్నాను.

ఆ సంతకాన్ని నేను వెనకేసుకు రాను. మీరు వర్క్‌షాపు సుత్తి తెచ్చి నా గుమ్మంలో పడేసి వెళ్ళిన రోజూ వెనకేసుకు రాలేదు. కానీ ఇప్పుడు సంగతి వేరు. కౌన్సిల్లో ఇంకొక్క సీటు వస్తే ఆస్పత్రిలో డయాలసిస్ గది మూసేస్తామని పొదుపు పార్టీవాళ్ళు చాటుగా కాదు, మైకులో చెప్తున్నారు. "ఆరుగురి కోసం ఊరంతా ఖర్చు భరించాలా?" అంటున్నారు. ఆ ఆరుగురిలో ఒకతె ఎవరో మీకు తెలుసు. పట్నం మూడు గంటల దారి. బస్సు రోజూ లేదు. ఇక్కడున్న యంత్రం ఒక్కటే, అదీ నాకంటే ఎక్కువ మూలుగుతోంది.

సూది గుచ్చే నర్సు అల్సీరా అంటే నాకు ఒళ్ళు మంట. మొహం చూసి మాట్లాడదు. నరం దొరక్క పొడిచిన చోటే పొడుస్తుంది. అయినా వెళ్ళి చెయ్యి చాపుతాను. ఆమె మీద ప్రేమతో కాదు బావగారూ, ఎల్లుండి దాకా ఉండాలని. ఇష్టపడి చాపావా అని ఆ చేతిని ఎవరూ అడగరు. మీ వోటు కూడా అలాగే వేయండి. వేసి వచ్చి ఫెర్రూకోని ఎంత తిట్టినా సరే, పక్కన కూర్చుని నేనూ తిడతాను.

ఇట్లు,
నెలిదా

తా.క.: మీ సంఘంలో ఎంతమంది ఉన్నారు? ప్రకటన చూసి ఫెర్రూకోకి మొహం పాలిపోయింది. కాఫీ ఒలికించుకున్నాడు, అదీ నా మీద.


శాంతా రుఫీనా,
గురువారం.

మరదలికి బావ ఆశీస్సులు.

సభ్యుల సంఖ్య బయటపెట్టడం సంఘ నియమాలకి విరుద్ధం. అయినా మన ఇంటి మనిషివి కాబట్టి చెప్తున్నాను. వర్క్‌షాపులో చెమటోడ్చి ఇంకా బతికున్న ప్రతివాడూ, వాళ్ళ పెళ్ళాల్లో సగం మంది, ఒక పాదిరీ. ప్రమాణం కసాయి కత్తి మీద. సమావేశాలు నా సోడా షెడ్డులో. ఎవరైనా "దేశం" అనే మాట అంటే బయటికి గెంటుతాం.

మేమేం రాళ్ళం కాదు. ఆస్పత్రి వెనక రేకుల పాకలో కొత్త డయాలసిస్ యంత్రం పోయిన ఎన్నికల నాటి నుంచీ డబ్బాలోనే ఉంది. మీ కూటమి తెచ్చిందే, మీ కూటమి మరిచిపోయిందే. దాని మీద కోళ్ళు పొదుగుతున్నాయి. ఎన్నికల్లోగా డబ్బా విప్పి, యంత్రాన్ని గదిలో పెట్టించమను. అప్పుడు సంఘం ఆలోచిస్తుంది. ఫెర్రూకోతో ఇదే మాట చెప్పు, నెమ్మదిగా చెప్పు, కాఫీ చేతిలో లేనప్పుడు చెప్పు.

ఇట్లు,
ఎవారిస్తో, అధ్యక్షుడు

తా.క.: పాదిరీ మాట పొక్కనీయకు. డాక్టరు పంది మాంసం మానమన్నాడట. ఆయనకి మాత్రం జున్ను ముక్క మంజూరు చేశాం.


శాంతా రుఫీనా,
మరుసటి మంగళవారం.

బావగారికి నమస్కారాలు.

విప్పారు! నిన్న బ్యాండు మేళంతో వచ్చి, కోళ్ళని తరిమి, డబ్బా విప్పారు. యంత్రాన్ని గదిలోకి చేర్చి రిబ్బను కట్టారు. ఫెర్రూకో దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నాడు, ఏది ముందో ఏది వెనకో తెలియక వెనక్కి తిప్పి మరీ. నీళ్ళ పైపు కలపలేదు. కలిపేవాడు ఎన్నికలయ్యాక వస్తాడట. జనం వెళ్ళాక నేను దాని మీద చెయ్యి వేసి చూశాను. చల్లగా ఉంది. మా కూటమికి ఇన్నేళ్ళు బుద్ధిగా వోట్లు వేసి మనం చేయించలేని పని మీ సంఘం నాలుగు రోజుల్లో చేయించింది. ఒప్పుకుంటున్నాను.

ఇంతలో తలనొప్పి ఇంకోటి. సభ్యులకి సరుకు దొరక్కూడదని మా పార్టీ ఆఫీసువాళ్ళు ఊళ్ళో సలామీ అంతా కొనేశారు. ఆఫీసంతా వెల్లుల్లి కంపు. అది తెలిసి పొదుపు పార్టీవాళ్ళు పక్క ఊరి నుంచి వ్యాను నిండా సలామీ తెప్పించి వర్క్‌షాపు ఇళ్ళకి ఉచితంగా పంచుతున్నారు, పల్చగా కోసి మరీ. ప్రభుత్వం జీతాల బదులు బాండు కాగితాలు ఇస్తున్న రోజుల్లో ఎవరు కాదంటారు? దయచేసి మీ వాళ్ళని ఆపండి.

ఇట్లు,
నెలిదా

తా.క.: ఫెర్రూకో సంతోషం పట్టలేక, మీకు నీటి బోర్డులో ఏదైనా పదవి చూస్తానని ఆఫీసులో అందరి ముందూ అన్నాడు. వద్దన్నాను. అందరూ విన్నారు మాత్రం.


శాంతా రుఫీనా,
శుక్రవారం.

మరదలికి,

క్షేమ సమాచారాలకి టైము లేదు. నీ ఉత్తరం చదివిన గంటలోనే రెండో ప్రకటన అంటించాను: "సలామీ సంఘం లక్ష్యం నెరవేరినందున రద్దు చేయడమైనది. సభ్యులు ముక్కలను ఇంట్లో తిని, వోటును కూటమికి వేయవలెను." కింద నా సంతకం పెట్టాను, అక్షరాలు పెద్దవి చేసి.

సాయంత్రం క్లబ్బుకి వెళ్ళాను. పేకాట బల్ల దగ్గర పొన్సియానో ఉన్నాడు, వర్క్‌షాపులో నా పక్క మర మీద పనిచేసినవాడు. ముక్కలు బోర్లించి అడిగాడు:

"ఎంతకి అమ్ముడుపోయావురా?"

"నోరు కడుక్కో. మా నెలిదా ప్రాణం మీదికొచ్చింది, అందుకని."

"మీ నెలిదాయే మరి! నీటి బోర్డులో కుర్చీ ఇప్పించింది నీకు. మెత్త వేసిన కుర్చీయేనా, బల్లా?"

"ఒరేయ్ పొన్సియానో, ఆ గది మూసేస్తే అది చచ్చిపోతుందిరా."

"మొన్నటిదాకా ఇది గుర్తురాలేదేం? మొదటి కాగితం అంటించినప్పుడు ఊరు మొత్తంలో ఒక్క మగాడున్నాడనుకున్నాం. నువ్వూ వాళ్ళ సంతకాల జాతే. పో, ఆట పాడుచేయకు."

ఎవరూ జరిగి చోటివ్వలేదు. నా డబ్బులతో తెచ్చుకున్న సోడా నేనే నిలబడి తాగాను. నెలిదా, నువ్వే ఇల్లిల్లూ తిరుగు. నా మాట ఎవడూ వినడు. మొదటిది నవ్వుతూ రాశాను, నమ్మారు. రెండోది వణుకుతూ రాశాను, నవ్వుతున్నారు.

ఇట్లు,
ఎవారిస్తో

తా.క.: "నాలుగు అంగల వీధి, దాటి చెప్పిరాలేవా?" అని మీ అక్క దెల్ఫీనా అడిగింది. ఒట్టు ఒట్టే అన్నాను. గరిటె విసిరింది. గురి బాగానే ఉంది.


శాంతా రుఫీనా,
ఎన్నికల మర్నాడు.

బావగారికి,

కూటమి తరఫున లెక్కింపు బల్ల దగ్గర నేనే కూర్చున్నాను. బడి గదిలో, పిల్లల కుర్చీలో. మొదటి సలామీ ముక్క బయటపడగానే అందరం నవ్వాం, పొదుపు పార్టీ మనిషి కూడా. రెండోదానికి సగం మందే నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. పంతులమ్మ ఒక్కొక్కదాన్నీ రెండు వేళ్ళతో పట్టుకుని "చెల్లదు" అని రాసి పక్కన పెట్టింది. చెల్లని వాటి దొంతర కింద బల్లకి నూనె మరక పట్టింది. కుక్క ఒకటి గుమ్మంలో కూర్చుని కదల్లేదు.

ఊరంతా కలిపి ఏడు వోట్లతో ఓడాం. మా ఒక్క బల్ల మీదే సలామీలు పదకొండు.

కొత్త కౌన్సిల్ గదిని ఈ నెలాఖరుకి మూసేస్తుంది. కొత్త యంత్రానికి రిబ్బను ఇంకా ఉంది. పైపు రాలేదు, ఇక రాదు.

నేను ఇల్లిల్లూ తిరిగాను. అందరూ కుర్చీ వేశారు, మాతే పోసిచ్చారు. "నీ మీద కోపం లేదమ్మా, ఎవారిస్తో మీదే" అన్నారు. మీ సంఘం రద్దయిందని మీరు రాశారు, కానీ సభ్యులు మాట మీదే నిలబడ్డారు. మా పార్టీలో అంత క్రమశిక్షణ ఎన్నడూ చూడలేదు. ఆ సభ్యుల పేర్లు పంపండి. నేనేం చేయను. నాకు కుర్చీ వేసినవాళ్ళలో ఎవరెవరున్నారో తెలుసుకుంటాను, అంతే.

నెలిదా

తా.క.: ఒక కవరులో జున్ను ముక్క వచ్చింది. పాదిరీగారికి నా నమస్కారాలు చెప్పండి.


శాంతా రుఫీనా,
అక్టోబరు చివర, ఆదివారం.

మరదలు నెలిదాకి,

రేపు తెల్లారేసరికి సోడా బండి నీ గుమ్మం ముందు ఉంటుంది. పట్నం ఆస్పత్రివాళ్ళు సోమ, బుధ, శుక్రవారాలు ఇచ్చారు. వెళ్ళి రెండుసార్లు గొడవపడ్డాక ఇచ్చారు. సీట్లో స్ప్రింగు పైకి పొడుచుకొచ్చింది, గోనెపట్టా మడిచి వేశాను. మధ్యలో మీ అక్క కూర్చుంటుంది కాబట్టి మనం మాట్లాడుకోవాల్సిన అవసరం రాదు. వచ్చేటప్పుడు నీకు తల తిరుగుతుందని అల్సీరా చెప్పింది. అవును, ఆవిడ దగ్గరికీ వెళ్ళాను. నువ్వు రాసింది నిజమే, మొహం చూసి మాట్లాడదు. కానీ నీ మందుల వేళలన్నీ కాగితం చూడకుండా చెప్పింది, ఒక్కటీ తడుముకోకుండా.

మిగతా ఐదుగురినీ అడిగాను. ఇద్దరు వస్తామన్నారు, వెనక సోడా పెట్టెల మధ్య చోటు చేశాను. మరో ఇద్దరు తమ కూతుళ్ళ ఊళ్ళకి వెళ్ళిపోతున్నారు. ముసలి బెనిగ్నో మాత్రం "ఎందుకులే అయ్యా, ఎన్నాళ్ళని తిప్పుతావు" అని తలుపు వేసుకున్నాడు. పొద్దున దారిలో ఆయన తలుపు మళ్ళీ కొడతాను.

దుప్పటి తెచ్చుకో. కిటికీ అద్దం పూర్తిగా పైకి రాదు.

ఇట్లు,
ఎవారిస్తో

తా.క.: పేర్లు అడిగావు. ఎలా పంపను? మొదటి ప్రకటన ఊరికే నిన్ను ఉడికించడానికి రాశాను. ఫెర్రూకో మొహం పాలిపోయిందని నువ్వు రాశాకే నాకు బుర్ర వెలిగింది. ఉన్న వోట్లకి తల తిప్పి చూడనివాడు లేని వోట్లకి కాఫీ ఒలకబోసుకున్నాడంటే, లేనివాటితోనే ఆ డబ్బా విప్పిద్దామనుకున్నాను. అందుకే సభ్యుల్ని పెంచుకుంటూ పోయాను. కత్తి లేదు, ప్రమాణం లేదు, షెడ్డులో సమావేశం జరగలేదు. పాదిరీ లేడు, జున్ను ఎవడు పెట్టాడో ఆ దేవుడికే తెలియాలి. ఊళ్ళో ప్రతివాడూ పక్కవాడు సభ్యుడే అనుకున్నాడు, తానొక్కడే వెనకబడితే పరువు పోతుందనుకున్నాడు. ఎన్నికల ఆదివారం నేను చీకటి గదిలో చాలాసేపు నిలబడ్డాను. బయట నుంచి తలుపు కొట్టారు కూడా. చివరికి మీ కూటమి చీటీయే కవరులో పెట్టి వచ్చాను, ఫెర్రూకోని తిట్టుకుంటూ. సలామీ సంఘం మొత్తం నేను కల్పించిందే నెలిదా. అందులో నేను కూడా లేను.