తపాలా కొలత చెక్క సందుకు పూసిన రంగు గీకించమని

తపాలా పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు,
వీధిలో గుండీలమ్మ అని పిలవబడు దర్జీ గారి భార్య వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: ఉత్తరాలన్నింటినీ పార్సిళ్లుగా మార్చుచున్న ఆకుపచ్చ రంగును రేపు సాయంత్రంలోగా గీకించుట గురించి.

1. మేము మూతపడిన మా దర్జీ దుకాణం తాలూకు గుండీలను ఆన్‌లైనులో అమ్ముకొనుచున్నవారము. ఎవరి కోటుకైనా ఒక గుండీ ఊడిపోతే ఫొటో తీసి పంపుతారు. మావారు డబ్బాలన్నీ చాప మీద కుమ్మరించి, అచ్చంగా అలాంటిదే వెతికి తీస్తారు. రెడీమేడ్ బట్టల దెబ్బకు దుకాణం మూసేసినప్పుడు ఈయన గోడవైపు కుర్చీ వేసుకుని కూర్చుండిపోయారు. పలకరిస్తే ‘ఊఁ’ అనేవారు, అంతే. ఈ గుండీల పని మొదలయ్యాక పొద్దున్నే లేచి “ఏమేవ్, ఇవాళ ఎవరి గుండీ ఊడింది?” అని అడుగుతున్నారు. ఇది తమ శాఖకు సంబంధించిన సంగతి కాదని ఎరుగుదును. అయినా మనవి చేసుకుంటున్నాను.

2. గుండీ ఊదితే ఎగిరిపోయేంత తేలిక. కానీ కొరియరు వాళ్లు అడిగేది గుండీ ధర కాదు, దాదాపు కోటు ధర. పార్సిలుగా పంపినా అంతే సంగతులు. కనుక మాకున్న దారి ఉత్తరం రేటు ఒక్కటే. ఉత్తరం అనిపించుకోవాలంటే కవరు, మందం చూడటానికి కౌంటరు మీద పెట్టిన కొలత చెక్క సన్నని సందులోంచి దానంతట అదే జారి అవతల పడాలి, వేలితో తోయరాదు. ఈ నిబంధన మాకు శిరోధార్యం. అందుకే మావారు గుండీ పట్టేంత గుంట అట్టముక్కలో కోసి, గుండీని అందులో కూర్చోబెట్టి, రెండు పక్కలా పలచటి కాగితం అంటిస్తారు. కవరును తడిమి చూసినా లోపల గుండీ ఉన్నట్టు తెలియదు. మొన్నమొన్నటి దాకా మా కవర్లన్నీ చక్కగా జారిపడ్డాయి.

3. అంతలో తాము తనిఖీకి విచ్చేస్తున్నారని ఆఫీసుకు రంగులు వేయించారు. రంగులు వేసినాయన పనిలో ఏ లోటూ చేయలేదు. గోడలు, కిటికీలు, కౌంటరు అయ్యాక సదరు కొలత చెక్కను కూడా వదలకుండా, సందు లోపలికి కుంచె దూర్చి మరీ రెండు పూతలు పూశాడు. ఆఫీసు ముచ్చటగా ఉందని తాము మెచ్చుకున్నట్టు విన్నాను. ఆనాటి నుంచి మా కవరు ఒక్కటీ జారలేదు.

4. ఇక చెప్పుకోకూడని మాట ఒకటుంది. కౌంటరులో కూర్చునే గుమాస్తా మా అల్లుడుగారు. ఇంకెవరైనా అయితే నోరు చేసుకునేదాన్ని.

“పడలేదు అత్తయ్యా. పార్సిలే.”

“కాస్త వేలు ఆనించు బాబూ, నీ పుణ్యం ఉంటుంది.”

వేలు ఆనించాడు. కవరు పడింది. వెనక వరుసలోంచి ఒక పెద్దమనిషి “అత్తగారికో రూలు, మాకో రూలా?” అని అరిచి, అక్కడితో ఊరుకోక తమకు ఫిర్యాదు కూడా పంపాడు. తమ దగ్గర నుంచి అల్లుడుగారికి తాఖీదు వచ్చింది. అది మొదలు ఆయన అందరి కవర్లనూ ఒకసారి సందులో వేసి చూస్తే, నాదాన్ని రెండుసార్లు వేసి చూస్తున్నాడు.

5. మావారు దర్జీ కనుక, లొంగని దానికి ఆయనకు తెలిసిన మందు ఇస్త్రీ పెట్టె. నాతో ఒక్క మాట చెప్పకుండా కవరును ఇస్త్రీ చేసి పంపించారు. సందులోంచి జారింది కూడా. అందుకున్నావిడ “నేను గుండీ అడిగితే మీరు కరిగిన ముద్ద పంపారేమిటి?” అని ఫొటోతో సహా ఫిర్యాదు పెట్టింది. ఆన్‌లైను బజారు వాళ్లు ఇంకొక్క ఫిర్యాదు వచ్చినా, ఒక్క కవరు ఆలస్యమైనా మా దుకాణం తీసేస్తామని రాశారు. అది చదివి వినిపించాక ఈయన డబ్బాలకు మూతలు పెట్టేసి, కుర్చీని మళ్లీ గోడవైపు తిప్పుకున్నారు. నాకు భయం వేసింది. అయ్యా, నిజంగా భయం వేసింది.

6. ప్రస్తుతం చేతిలో ఒక కవరు ఉంది. ఎవరో హోటలు కాపలాదారు కొత్తగా పనిలో చేరుతున్నాడట. ఆయన కోటుకు ఇత్తడి గుండీ. రేపు సాయంత్రం తపాలా సంచి కట్టేలోగా ఇది అందులో పడాలి. పడకపోతే మా పని అంతే.

7. గీకించమని నేరుగా గుమాస్తానే అడగవచ్చు గదా అని తాము సెలవిస్తారేమో. అడిగాను. అమ్మాయి ఇంట్లో భోజనాల దగ్గర అడిగాను.

“ఇదంతా రంగు వల్లేనని నీకు తెలియదా బాబూ?”

“తెలుసు అత్తయ్యా.”

“మరి గీకవేం?”

“సర్కారు సామాను అత్తయ్యా. పైనుంచి కాగితం లేకుండా గోరు కూడా ఆనించకూడదు. అసలే నా నెత్తిన ఒక తాఖీదు ఉంది. గీకడానికి అనుమతి ఇవ్వండని పైకి రాశాను కూడా.”

“ఏమన్నారు?”

“ఈమధ్యే రంగు వేశారు కనుక మళ్లీ వేయించడం కుదరదన్నారు.”

నాకు నవ్వు రాలేదు. మా అమ్మాయి కంచం పక్కకు నెట్టి, “అమ్మా, ఆయన ఉద్యోగం ఊడితే నీ గుండీలతో కుట్టిస్తావా?” అని లేచి వెళ్లిపోయింది. అప్పటి నుంచి నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది.

8. కావున తాము దయయుంచి సందు లోపలి రంగును, లోపలిది మాత్రమే, గీకుటకు ఒక్క ముక్క రాసి ఇప్పించవలెను. రూలు సడలించమని నేను అడగడం లేదు. అల్లుడుగారిని వేలు పెట్టమని అననుగాక అనను. చెక్కకు రంగు వేయక మునుపు సందు ఎంత ఉండేదో అంతే ఉండనివ్వమంటున్నాను. ముందుభాగం ఆకుపచ్చగానే ఉంటుంది. తమరు మళ్లీ తనిఖీకి వచ్చినా ముచ్చటగానే కనిపిస్తుంది.

చిత్తగించవలెను. తీరిక దొరికినప్పుడు కాదు, అందిన వెంటనే చిత్తగించవలెను.

ఇట్లు,
విధేయత తప్ప గతిలేని తమ విధేయురాలు,
గుండీలమ్మ

తా.క. అయ్యా, దీన్ని మడతపెడుతుండగా అమ్మాయి ఫోను చేసింది. “అమ్మా, నాన్న పోస్టాఫీసులో ఉన్నాడట. వెంటనే వెళ్లు” అంది. చూస్తే కుర్చీ ఖాళీ. ఇత్తడి గుండీ కవరు కూడా లేదు. కాళ్లకు చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తాను.

నేను వెళ్లేసరికి ఈయన కౌంటరు ముందు నిలబడి, గరుకు కాగితం మడిచి సందు లోపల రుద్దుతున్నారు. చెక్క కదలకుండా అవతలి నుంచి రెండు చేతులా పట్టుకున్నది మా అల్లుడుగారే. ముఖం పాలిపోయి ఉంది. చేతులు మాత్రం వదల్లేదు. “మామయ్యా, ఆ మూల ఇంకాస్త” అంటున్నాడు. వరుసలోవాళ్లంతా మెడలు చాచి చూస్తున్నారు. తర్వాత కవరును సందులో పెట్టి ఇద్దరూ చేతులు వెనక్కి తీసుకున్నారు. దానంతట అదే జారి అవతల పడింది. సాక్షులున్నారు. అల్లుడుగారు ముద్ర కొట్టి సంచిలో వేశాక, మావారు నావైపు తిరిగి “రేపు ఎవరిదే?” అన్నారు. నేను అందరి ముందూ ఏడ్చేశాను.

కనుక పై అర్జీతో ఇక పనిలేదు. అయినా పంపుతున్నాను. రెండో తాఖీదు రాయవలసి వస్తే దయచేసి నా పేరు మీద రాయండి, ఆ పిల్లవాడి పేరు మీద వద్దు. రాలిన రంగు సర్కారువారి సొత్తు గనుక, చిటికెడు కూడా పోకుండా ఊడ్చి, పొట్లం కట్టి ఈ కవరులోనే పెట్టాను. కవరు అంటించకముందే అల్లుడుగారు దీన్ని కూడా సందులో రెండుసార్లు వేసి చూశారు. ఉత్తరమేనట.