అద్దాల పెట్టెలో చొక్కా

నకరికల్లు,
12-2-1961

ఫోటోలు తీసే త్రికోటేశ్వరరావు గారికి నమస్కారాలు.

నరసరావుపేటలో మీ స్టూడియో ముందు, అద్దాల పెట్టెలో నా భార్య దయామణి ఫోటో చూశాను. మిగతా ఆడవాళ్లంతా మీరిచ్చే కొత్త ఫేషన్ పట్టుచీర కట్టుకుని పూలకుండీ పక్కన నిలబడ్డారు. ఈమె ఒక్కతే, మిరపకాయల కోతకు పోయినట్టు, చీరమీద నా పాత చొక్కా తొడుక్కుని ఉంది. పట్టుచీర ఊరవతల మా పేటవాళ్లకు ఇవ్వరా? లేక పదిమందీ నవ్వాలని పెట్టారా?

ఇంటికొచ్చి నిలదీస్తే, "ఆయన ఇచ్చాడయ్యా, నేనే వద్దన్నా. చొక్కా సంచిలో పెట్టుకుపోయా. చేలో ఎట్టుంటానో అట్టా తీయమన్నా," అంది.

నాకు నమ్మకం కుదరలేదు. మళ్లీ వచ్చి, మీ కంటపడకుండా చానాసేపు ఆ ఫోటోనే చూశాను. పన్నెండేళ్ల కాపురంలో ఆమె అలా తలెత్తి నిలబడటం నేనెరగను. మీరేం చెప్పి నిలబెట్టారో నిజం రాయండి.

ఫోటో తీసేయమని రాద్దామనే కూర్చున్నాను. ఉండనివ్వండి. వచ్చే ఆదివారం ఆరాధన కాగానే నేనూ ఫోటోకు వస్తున్నాను. మగవాళ్లకు మీరు తొడిగే కోటు నాకొద్దు. ఆ చొక్కా ఇస్తుందేమో, ఆమెనడిగి తెచ్చుకుంటాను.

ఇట్లు,
దయామణి భర్త