జవాబు తప్పు కాదు

బాన్సువాడ

ప్రేమల వదినెకు,

ఫోన్‌లో చెబితే పక్కనే ఉన్న మీ తమ్ముడు వింటాడని ఇలా రాస్తున్నాను. పక్షవాతంతో ఆయన మాట పడిపోయినప్పటి నుంచి మీరు రోజూ ఫోన్ చేసి, చిన్నప్పటిలాగే పొడుపు కథలు, లెక్కలు అడుగుతున్నారు. ఏదో ఒకనాడు జవాబు ఆయన నోటి నుంచే వస్తుందని మీ ఆశ.

నిన్న మీరు, "తలలు ఐదు, కాళ్ళు పద్నాలుగు. కోళ్ళెన్ని, మేకలెన్ని? చెప్పు తమ్మీ" అన్నారు. ఆయన ఆలోచించి నాకు మూడు వేళ్ళు, తర్వాత రెండు వేళ్ళు చూపించాడు. మూడు కోళ్ళు, రెండు మేకలు. నేను సంతోషంతో చెప్పబోతే నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. తానే చెప్పాలని పెనుగులాడాడు. మెడ నరాలు ఉబ్బాయి గానీ మాట రాలేదు. ఇంతలో మీరు నవ్వుతూ, "గింత అల్కటి లెక్క సుత మర్శినవారా?" అన్నారు, ఇంత తేలిక లెక్క కూడా మరిచాడనుకుని.

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇక మాట రాదని నిజామాబాద్ డాక్టరు పోయిన నెలే చెప్పాడు. మీకు చెప్పడానికి నాకు మనసు రాలేదు. డాక్టరు ఆ మాట ఆయన ఎదుటే అన్నాడు. అయినా రోజూ మీ ఫోన్ కోసం ఎదురుచూసేవాడు.

ఇక లెక్కలు అడగకండి వదినె. ఇవాళ మీ ఫోన్ మోగితే నేను ఎత్తబోయాను. వద్దని తల ఊపాడు.

మీ మరదలు